అక్టోబరు దాకా మూసిన పాతర

హిందూపురంలో మేము అద్దెకున్న ఇంటి ముందుగదిలో మా పెద్దవాడు అద్దం ముందు నిలబడి ఉపన్యాసం బట్టీ పడుతున్నాడు. అది అరవై తొమ్మిదో సంవత్సరం. వాడు హైస్కూల్లో ఆఖరు తరగతి. ప్రత్యేక రాష్ట్రం వస్తే పేదరికం, ఆకలి తగ్గుతాయా అని బళ్ళో మాటల పోటీ పెట్టారు. ఆ రోజుల్లో పేపరు తెరిస్తే అదే గొడవ. తెలంగాణలో పిల్లలు బళ్ళు మానేసి రోడ్ల మీదికొచ్చారు. వాళ్ళకిస్తే మా సీమకూ ఇవ్వాలని మా ఊరి హోటళ్ళలో కాఫీ చల్లారేదాకా వాదించుకునేవాళ్ళు. మావాడు తగ్గుతాయనే వైపు. "మన రాష్ట్రం మనకొస్తే మన బిడ్డలెవరూ ఆకలితో పడుకోరు" అని కుడిచెయ్యి పైకెత్తి అన్నాడు.

నేను వంటింట్లో రాగిపిండి జల్లిస్తున్నాను. జల్లెడ చేతిలో ఉండగానే బయటికొచ్చి, ఆ చెయ్యి దించమన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. వాడు అద్దంలోంచి నన్ను చూసి బిత్తరపోయాడు. పాపం, వాడి తప్పేమీ లేదు. పదహారేళ్ళ కిందట ఆ మాటే, అచ్చం అలాగే చెయ్యెత్తి, వాళ్ళ నాయన అన్నాడు. అప్పుడు వీడు నా చంకలో ఉన్నాడు.

నాకు కోపం ముందు, ఆలోచన తర్వాత. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆ పూట కోపం వెంటనే దిగలేదు. వాణ్ణి చాప మీద కూర్చోమన్నాను. వాళ్ళ నాయన లోపలి గదిలో పేపరు చదువుతున్నాడు. నేను ఏం చెప్పబోతున్నానో ఆయనకు తెలిసిపోయినట్టుంది, కాగితం తిప్పిన చప్పుడు ఆగిపోయింది. ఆగితే ఆగనీ అనుకుని మొదలుపెట్టాను.

నా మెట్టినిల్లు సోమందేపల్లికి నడిచిపోయే దూరంలో ఉన్న చిన్న ఊరు. పెరట్లో నిలబడితే పెనుకొండ కొండ కనపడేది. నేను పుట్టింది అమరాపురంలో, మైసూరు రాజ్యానికి ఆనుకుని. మా వీధిలో తెలుగులో మొదలుపెట్టిన మాట కన్నడంలో ముగించేవాళ్ళు, ఎవరూ గమనించేవాళ్ళు కాదు. మా నాయన నన్ను కన్నడ బడికి పంపి, తెలుగు ఇంట్లో దిద్దించాడు. ఆ చదువు వల్ల నాకు కలిగిన మేలేమిటో ఇంతవరకూ తెలియదు. కలిగిన కీడు మాత్రం బాగా తెలుసు.

మెట్టినింట్లో పశువుల కొట్టం ముందర ఒక పాతర ఉండేది. పాతరంటే నేలలో తవ్విన గింజల గొయ్యి. మూతి ఒక మనిషి దిగేంత, లోపల బాన కడుపంత వెడల్పు. రాగులు నింపి, పైన గడ్డి పరిచి, బండ మూసి, మట్టీ పేడా కలిపి అలికేస్తే ఏళ్ళ తరబడి పురుగు పట్టదు. గాలి మాత్రం తగలకూడదు. ఒకసారి మూత తీశారంటే ఆఖరి గింజ దాకా తోడుకోవాల్సిందే, రెండు దోసిళ్ళు తీసుకుని మళ్ళీ మూయడానికి లేదు. అందుకే పాతరను చాటుగా తీయడం కుదరదు. ముంగిట్లో కుప్ప పడాలి, ఊరంతా చూడాలి.

ఆ కుప్పలో మొదటి కొలత గొర్రెలవాళ్ళది. వాళ్ళు ఏటా మా చేలల్లో మంద నిలిపేవాళ్ళు. గొర్రెలు పడుకుని లేచిన నేలలోనే మా రాగి ఏపుగా వచ్చేది. మంచి ఏడు అందుకు గింజలు కొలిచేవాళ్ళం. చెడ్డ ఏడు వాళ్ళ పొయ్యి ఆరిపోయే పరిస్థితి వస్తే, మా పాతర తీయాల్సిందే. ఇది ఎక్కడా రాసుకున్న ఒప్పందం కాదు. మా మామ తండ్రి తీశాడు, ఆయన తండ్రీ తీశాడు. గొర్రెలవాళ్ళు ఎన్నడూ నోరు తెరిచి అడిగింది లేదు. వాళ్ళు అడగాల్సిన పరిస్థితి రావడమే ఆ ఇంటికి అవమానమని మా అత్త చెప్పేది.

నాకు కాన్పయింది యాభై రెండు చివర్లో, మద్రాసు నుంచి విడదీసి మనకు ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ఢిల్లీవాళ్ళు ఒప్పుకున్న నెలలోనే. మా ఆయన కొడుకు పుట్టాడని ఎక్కువ మురిశాడో, రాష్ట్రం వస్తోందని ఎక్కువ మురిశాడో నాకు తేలలేదు. రెంటికీ కలిపి ఒకేసారి బెల్లం పంచాడు. నాకేమో బాలింత జ్వరం తగులుకుంది. పాలు రాలేదు. పిల్లవాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. అప్పుడు మా అత్త గొర్రెలవాళ్ళ గుడిసెలకు కబురు పంపింది.

ఒకామె వచ్చింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది, చంకలో నెల దాటిన ఆడపిల్ల. నలభై రోజులు పొద్దునా సాయంత్రం వచ్చి మావాడికి పాలిచ్చింది. ముందు వీడికిచ్చి, వీడు నిద్రపోయాక తన బిడ్డను అందుకునేది. ఎందుకట్లా అని ఒకరోజు నీరసంగా అడిగాను.

"నా పిల్ల గట్టిది సిన్నమ్మా, ఆగుతాది. వీడు ఆగలేడు" అంది.

ఆ రోజు నుంచి ఆమెను అక్కా అనే పిలిచాను. మా అత్త మొహం చిట్లించింది గానీ వద్దనలేదు.

ఆ ఏడు అప్పటికే కరువు. పక్క తాలూకాల్లో గంజి కేంద్రాలు నడుస్తున్నాయి. మరుసటి ఏడైనా వాన పడుతుందనుకుంటే, మా దిక్కు ముంగారు వాన మొహం చాటేసింది. ఆషాఢం వచ్చేసరికి గొర్రెలవాళ్ళ మంద సగమైంది. వాళ్ళ ఆడవాళ్ళు గుట్టల్లో ఆకులూ గడ్డలూ ఏరుకుంటూ కనపడేవాళ్ళు. అక్క చంకలో పిల్ల ఏడవడం తగ్గించింది. నాకు అది చూస్తే భయమేసేది, ఏడ్చే పిల్లను చూస్తే అంత భయం వేయదు.

పాతర తీయరేమని మా అత్తనడిగాను. మామనడగమంది. మామనడిగేంత ధైర్యం ఆ ఇంట్లో కోడలికి ఉండేది కాదు. అందుకే మా ఆయన్ని అడిగాను. మామ భయమల్లా లెవీ అని చెప్పాడు. యుద్ధం రోజుల్లో సర్కారు మనుషులొచ్చి ఇళ్ళలో గింజలు కొలిచి పట్టుకుపోయిన సంగతి మామ మర్చిపోలేదు. లెవీ ఎత్తేశామని మద్రాసు చెప్పినా ఆయన నమ్మలేదు. ముంగిట్లో కుప్ప పోస్తే రేపే జీపు వస్తుందని ఆయన లెక్క. మా ఆయన లెక్క ఇంకొకటి. అక్టోబరులో మన రాష్ట్రం వస్తుంది, మన అధికారులొస్తారు, మన గింజ మీద మన వాళ్ళు చెయ్యి వేయరు, అప్పుడు ధైర్యంగా తీయవచ్చు. తండ్రి భయం, కొడుకు ఆశ, రెండూ కలిసి ఆ బండ మీద కూర్చున్నాయి.

మా ఆయన చెడ్డవాడు కాడు. ఆ రోజుల్లో పెనుకొండలో, ధర్మవరంలో సభలకు పోయి దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే అక్కడి మాటలన్నీ నాకు చెప్పేవాడు. కళ్ళు మెరిసేవి. మద్రాసులో కూర్చున్నవాళ్ళకు మన ఆకలి ఎట్లా తెలుస్తుంది అనేవాడు. వినడానికి బాగుండేది, నాకూ ఒళ్ళు పులకరించిన రోజులున్నాయి. కానీ ఒకరోజు ఉండబట్టలేక అనేశాను.

"మద్రాసోళ్ళకు తెలీదు సరే. గుడిసెలు మన దొడ్డి ఎనకాలే ఉండాయి. మనకు తెలుసు గదా."

ఆయన మొహం మాడిపోయింది. రాజకీయం ఆడవాళ్ళకు అర్థం కాదన్నాడు. నాకు అర్థమైనంత నాకు అర్థమైంది. అమరాపురం అవతల వాళ్ళకు ఎప్పటినుంచో వాళ్ళ రాజ్యం, వాళ్ళ భాష, వాళ్ళ అధికారులు. కరువొస్తే వాళ్ళూ గంజే తాగేవాళ్ళు, వాళ్ళ పిల్లల పొట్టలూ వీపుకు అంటుకునేవి. చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. కానీ అంతమాత్రాన మన రాష్ట్రం వద్దని నేను అనుకోలేదు. ఎవరి ఇంటి తాళం వాళ్ళ చేతిలో ఉండాలి కదా అనే అనుకున్నాను.

ఇక నేను చేసిన పని చెప్పాలి. మా ఊరికీ ఒక గంజి కేంద్రం అడుగుదామని మా ఆయన అర్జీ పెట్టాలనుకున్నాడు. ఆలోచన ఆయనది, రాత నాది. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆయనకు గర్వం. ఆయన అటూ ఇటూ నడుస్తూ చెప్పాడు, నేను పీట మీద కాగితం పెట్టుకుని రాశాను. "మా గ్రామమున ఏ ఇంటను గింజ అనునది లేదు. పాతరలన్నియు రెండేండ్ల క్రితమే ఖాళీ అయినవి." అక్కడ నా కలం ఆగింది. ఆయన వంక చూశాను. ఉందని రాస్తే గంజి ఎవరిస్తారు, నీ అక్క కోసమే కదా అన్నాడు. నిజమే అనిపించింది. రాసేశాను. మామ సంతకం చేశాడు, ఊళ్ళో రాయడం వచ్చినవాళ్ళు సంతకాలు, రానివాళ్ళు వేలిముద్రలు పెట్టారు. గొర్రెలవాళ్ళూ వేలిముద్రలు వేశారు. మా పాతర సంగతి తెలియనివాళ్ళు ఆ కాగితం మీద ఒక్కరూ లేరు.

ఆ కాగితం తాలూకా కచేరికి చేరాక మాకు అర్థమైంది, ఏం చేసుకున్నామో. ఇప్పుడిక పాతర తీస్తే, గింజలు దాచిపెట్టి అబద్ధం రాసినందుకు మామ జైలుకు పోతాడు. పేదవాళ్ళకు గంజి తెప్పిద్దామని రాసిన మాట, వాళ్ళకు రావాల్సిన గింజల మీద ఇంకో బండ పెట్టింది. నా గుండ్రటి అక్షరాల మీద నాకే అసహ్యం వేసింది.

కొన్నాళ్ళకు విచారణకు ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సైకిలు మీద, చెమటతో, మర్యాదగా మాట్లాడే మనిషి. అతను ఊరు దగ్గర పడ్డాడని తెలిసి మామ పాతర మూతి మీద కొత్తగా పేడ అలికించి, పైన కోడెను కట్టేయించాడు. ఇన్‌స్పెక్టరు మా అరుగు మీద మజ్జిగ తాగి, గుడిసెల వైపు నడిచాడు. మామ, మా ఆయన వెనకే. నేను పిల్లవాణ్ణి ఎత్తుకుని దొడ్డి గోడ దగ్గర నిలబడ్డాను. అక్క గుడిసె బయట కూర్చుని ఉంది, పిల్ల ఒళ్ళో తల వేలాడేసి ఉంది.

ఇన్‌స్పెక్టరు ఆమెనే అడిగాడు, ఈ ఊళ్ళో ఎవరింట్లోనైనా పాతర ఉందా అని. భయపడకుండా చెప్పమన్నాడు.

 చెప్పేస్తే బాగుండునని ఒక మనసు, చెప్పేస్తే మా ఇల్లు ఏమవుతుందోనని ఇంకో మనసు. ఈ రెండో మనసు నాకుందని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. అక్క మామ వైపు చూడలేదు. నా వైపు ఒక్కసారి చూసి, తల తిప్పుకుంది.

"ఈడ యాడుంటాయి సామీ పాతర్లు. ఉంటే నా బిడ్డ ఇట్లుంటాదా" అంది.

అతను అది రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నా సంగటి ముద్ద సగం కొంగులో పెట్టుకుని ఆమె దగ్గరికి పోయాను. ఎందుకు చెప్పలేదక్కా అని అడిగాను. ఆమె ముద్దను నీళ్ళలో పిసికి పిల్ల నోట్లో వేలితో పెడుతూ, చాలా మామూలుగా చెప్పింది.

"మీరు తీస్తారు గదా. ఇంగ నేనెందుకు జెప్పాల?"

ఆమెకు అనుమానమే లేదు. ఇంటికొచ్చి మా ఆయనతో పోట్లాడాను. అక్టోబరుకు ఇంకెన్నాళ్ళుందని, కొత్త సర్కారు వస్తే పాత కాగితం ఎవరడుగుతారని ఆయన నన్ను బతిమాలాడు. నాలుగు వారాలు ఓపిక పట్టమన్నాడు. మన కడుపు నిండి ఉంది కాబట్టి ఓపిక పట్టగలమన్నాను. ఆ రాత్రి ఇద్దరం తిండి మానేశాం, పొద్దున లేచి తిన్నాం. మాకు మానేసే వీలుంది, తినే వీలూ ఉంది.

గంజి కేంద్రం వచ్చింది, కానీ మా ఊరికి కాదు. నాలుగైదు ఊళ్ళకు కలిపి ఒకచోట పెట్టారు. మా గుడిసెల నుంచి పొద్దున బయలుదేరితే ఎండ నడినెత్తికొచ్చేసరికి చేరే దూరం. అక్క మొదట్లో రోజూ నడిచింది. తర్వాత రోజు మార్చి రోజు. తర్వాత నడవలేకపోయింది. రోజూ నా ముద్దలో సగం పోతోందని మా అత్త కనిపెట్టింది. తిడుతుందనుకున్నాను. ఏమీ అనకుండా నా ముద్ద కొంచెం పెద్దది చేయడం మొదలుపెట్టింది. సగం ముద్దతో ఒక గుడిసె నిలబడదని మా ఇద్దరికీ తెలుసు.

సెప్టెంబరు ఆఖర్లో మామా మా ఆయనా ప్రయాణం కట్టారు. ధర్మవరంలో రైలెక్కి కర్నూలుకు, రాష్ట్రం అవతరించడం కళ్ళారా చూడటానికి. మా ఆయన గడప దాటుతూ పిల్లవాణ్ణి నా చంకలోంచి అందుకుని, పైకెత్తి, కుడిచెయ్యి గాల్లో ఊపి ఆ మాట అన్నాడు. మన రాష్ట్రం మనకొచ్చింది, ఇంక మన బిడ్డలెవరూ ఆకలితో పడుకోరు అని. మామ పండక్కి కట్టే తెల్లపంచె కట్టాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన సంతోషమనుకున్నాడు.

వాళ్ళు ఊరి పొలిమేర దాటేదాకా మా అత్త గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత నేరుగా కొట్టం దగ్గరికి పోయి కోడెను విప్పింది.

"గడ్డపార తీస్కరా" అంది నాతో.

నేను తెచ్చి ఆమె చేతికిచ్చాను.

"ఆయప్ప జైలుకు పోతే పోనీ. ఈ ఇంటికి కోడలై వచ్చిన నాడు మా అత్త నాకు ఈ బండ జూపించింది. దీని మింద కోడెను కట్టేసే దినమొస్తాదని జెప్పలేదు" అంది.

ఆమె నాకంటే బలమైనదని అప్పుడే తెలిసింది. కూలికొచ్చే ఇద్దరు ఆడవాళ్ళను పిలిచాం. నలుగురం కలిసి అలుకు పగలగొట్టి, పట్టపగలు, వీధి తలుపు బార్లా తెరిచి బండ పక్కకు దొర్లించాం. లోపలి నుంచి వెచ్చటి ముక్కిన వాసన వచ్చింది. తాడుకు కట్టిన దీపం లోపలికి దింపాం. సగం దూరం పోకముందే ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి దింపాం. మళ్ళీ ఆరిపోయింది. మూసిన గాలి విషం, దీపం నిలవని చోట మనిషీ నిలవడు. కంబళి పట్టుకుని విసిరాం, ఆకుల మండలు తాడుకు కట్టి ఊపాం. పొద్దు వాలినా దీపం నిలవలేదు. రేపటి దాకా ఆగాల్సిందేనంది అత్త. నేను గుడిసెల వైపు చూశాను. రేపే తెస్తాంలే అని నాలో నేను అనుకున్నాను. ఆ సాయంత్రం పోయి ఒక్క మాట చెప్పి ఉంటే. నేను పోలేదు. చేతినిండా గింజలతోనే పోదామనుకున్నాను.

మరుసటి రోజు, అంటే కర్నూలులో రాష్ట్రం వచ్చిన రోజున, పొద్దున్నే దీపం నిలిచింది. సన్నగా ఉన్నదాన్ని నేనే కాబట్టి నడుముకు తాడు కట్టి నన్నే దింపారు. కాలికి రాగులు తగిలాయి. వెచ్చగా, పొడిగా, ఒక్క పురుగు లేదు. ఊపిరి తీయడానికి భయపడుతూ తట్ట నింపాను. పైకి పంపాను. ఇంకోటి నింపాను. పైన అత్త గొంతు వినిపించింది, గొర్రెలవాళ్ళను పిలుచుకు రమ్మని ఎవరినో పంపుతోంది. నాలుగో తట్ట నింపుతుండగా పైన చప్పుడు ఆగిపోయింది.

నన్ను పైకి లాగారు. గుడిసెలు ఖాళీ. నిన్న తెల్లవారకముందే మిగిలిన గొర్రెలు తోలుకుని పడమరకు పోయారట, మైసూరు వైపు చెరువుల్లో ఇంకా తడి ఉందని. మేము బండ దొర్లించే సమయానికే వాళ్ళు ఊళ్ళో లేరు.

ఊరివాళ్ళు చేటలూ గంపలూ పట్టుకుని చేరుతున్నారు. అత్త ఎవరికీ కొలవలేదు. ముందు ఒక సంచి నింపి పక్కన పెట్టింది. అది మందవాళ్ళది, అది వాళ్ళకు చేరాకే మిగతావాళ్ళు వండుకోవాలి, కొలుచుకుని ఉంచుకోండి అంది. ఆ సంచి నేను తీసుకుపోతానన్నాను. పడమరంటే మా అమరాపురం దారే. పుట్టింటికి పోయే కోడల్ని ఎవరూ ఆపరు.

మర్నాడు పిల్లవాణ్ణి చంకనేసుకుని, సంచి బస్సు మీద వేయించి, హిందూపురంలో దిగి అడిగాను. మంద ఒకటి మొన్న పోయిందన్నారు. ఒకామె బిడ్డను గుడ్డలో కట్టుకుని ఉందా అని అడిగాను. ఉందన్నారు. బిడ్డ ఏడుస్తోందా అని అడిగాను. ఆ సంగతి గమనించలేదన్నారు. ఆశ పెట్టుకుని ఇంకో బస్సు ఎక్కాను.

అమరాపురం అవతల సరిహద్దు గుంజ దగ్గర కాపలా పోలీసు సంచి మీద చెయ్యి వేశాడు. గింజ ఈ రాష్ట్రం నుంచి ఆ రాష్ట్రానికి దాటకూడదన్నాడు. రాష్ట్రం పేరు మారి రెండు రోజులైంది, ఆ కాపలా గుడిసె మీద బోర్డు ఇంకా మద్రాసుదే. నేను బతిమాలాను, కోపం చేశాను, కన్నడంలో అడిగాను, తెలుగులో అడిగాను. అతను పాపం కుర్రవాడు, ఉద్యోగం పోతుందక్కా అన్నాడు. చివరకు నాకే తట్టి, వండింది దాటవచ్చునా అని అడిగాను. కాసేపు ఆలోచించి, వండింది తిండి కదా, తిండిని ఆపమని నాకెవరూ చెప్పలేదన్నాడు.

సంచి పుట్టింటికి మోయించాను. మా అమ్మా నేనూ చేతులు బొబ్బలెక్కేదాకా తిరగలి విసిరాం. పొద్దున్నే పెద్ద కడవల్లో సంగటి కెలికి, ముద్దలు చేసి, రెండు గంపల్లో గుడ్డ కప్పి, మా నాయనతో కలిసి గుంజ దాటాను. ఆ కుర్రవాడు గంపలోకి చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

వాళ్ళు అవతలి చెరువు గట్టు కింద ఉన్నారు. దూరం నుంచే గొర్రెలు కనపడ్డాయి, తర్వాత మనుషులు. అక్క ఒక రాయికి ఆనుకుని కూర్చుని ఉంది. చంకలో గుడ్డ లేదు. నేను అడగలేదు. ఆమె భర్త చెప్పాడు, హిందూపురం దాటినాక దారిపక్కన పూడ్చామని. ఏ రోజో లెక్క పెట్టుకున్నాను. పాతరలో దీపం ఆరిపోయిన రోజు.

గంప దింపి, ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను. తీశామక్కా, పాతర తీశాం, మొదటి కొలత నీదే అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాను. నన్ను తిట్టమన్నాను. ఆమె తిట్టలేదు. ముద్ద చేతిలోకి తీసుకుంది. నాలుగు రోజులుగా తిండి లేని మనిషి.  చిన్న తునక తుంచి, నోటి దాకా తీసుకుపోయి ఆగింది. నా చంకలో ఉన్నవాడు ఆ ముద్దనే చూస్తున్నాడు.

"వీనికి ఆకలైతాండాది సిన్నమ్మా" అంది. ఆ తునకను వీడి నోట్లో పెట్టింది.

ఇంక చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కర్నూలు నుంచి వచ్చాక మామ తెల్లపంచె విప్పకుండా వారం రోజులు అరుగు మీద కూర్చున్నాడు, జీపు వస్తుందని. ఎవరూ రాలేదు. మా అర్జీలో ఏముందో ఎవరికీ పట్టలేదు. మా ఆయన ఖాళీ పాతర చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి తొంగిచూసి, ఆ తర్వాత ఏ సభకూ పోలేదు. అక్క వాళ్ళు మళ్ళీ మా ఊరికి రాలేదు. మా చేలల్లో ఇంకెవరి మందో నిలిచింది.

రాష్ట్రం వచ్చినందుకు మంచి జరగలేదని నేను అనను. ఆ తర్వాత మా దిక్కు బావులు తవ్వారు, రోడ్డు పడింది, నా కొడుకు తెలుగులో ఉపన్యాసం నేర్చుకునే బడి వచ్చింది. నా కోపం రాష్ట్రం మీద కాదు. అది వస్తుందని చెప్పుకుని, రావాల్సిన రోజు దాకా చేతులు కట్టుకుని కూర్చున్న మా మీద. అందులో మొదటి చెయ్యి నాది, కాగితం రాసిన చెయ్యి. ఇదంతా వాడికి చెప్పాను.

 వాడు ఉపన్యాసం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పాడు. లోపలి గదిలో పేపరు ఇంకా కదలలేదు. పోటీలో ఏ వైపు మాట్లాడమంటావని అడుగుతాడేమో అనుకుని జవాబు వెతుక్కుంటున్నాను. వాడు అది అడగలేదు.

"అమ్మా, నేను తిన్న్యానా?" అన్నాడు.

"తిన్నావు" అన్నాను. "ఇంగా కావాలని నోరు తెరిసినావు."